ఆటలో మాట

కొన్ని మాటలు పలికినంతనే పనులగును. వేలముపాటలో "వేయి రూపాయలు" అని పలికినవాడు పిదప నోరు మూసికొన్నను ఆ వేయి రూపాయలకు బద్ధుడే. సభలో "ఈ తీర్మానమును బలపరచుచున్నాను" అని లేచి పలికినవాడు ఆ పలుకుతోనే దానిని బలపరచినవాడగును. వేరుగా చేయవలసిన దేమియు లేదు. సామాన్యముగా మాటలు జరిగినదానిని తెలుపును. ఇట్టి మాటలు జరుగవలసినదానిని జరిపించును. అందుచేతనే తెలిసినవారు వీనిని పలుకునపుడు తొందరపడరు. తామెవరి పక్షమున పలుకుచున్నారో, తమ మాటకు హద్దు ఎచ్చటనో చూచుకొని పలుకుదురు. ఈ మెలకువను పిల్లలకు వినోదముతోపాటు నేర్పు ఆట యొకటి కలదు.

దానిని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అని వ్యవహరింతురు. తెలుగున పాత్రధారణ క్రీడ యనవచ్చును. వైకుంఠపాళిలో పాచిక చెప్పినట్లు పావు కదలును. ఆడువాడు చెప్పవలసిన దేమియు లేదు. పులిజూదమున ఆడువాడు ఆలోచించును గాని మాటాడ నక్కరలేదు. చేయి కదలిన చాలును. పాత్రధారణ క్రీడలో చేయి కంటె నోటికే పని యెక్కువ. నలుగురో ఐదుగురో ఒక బల్లచుట్టు కూర్చుందురు. వారిలో ఒకరు ఆటను నడుపుదురు. ఆ వ్యక్తిని గేమ్ మాస్టరు అందురు. నాటకపు మాటలో చెప్పవలెనన్న సూత్రధారి. తక్కినవారు తలకొక పాత్రను గైకొందురు. ఒకరు వేటగాడు, ఒకరు వైద్యురాలు, ఒకరు సిపాయి. ఆ పాత్రయొక్క బలము, నేర్పు, కైవసమైన వస్తువులు కాగితముపై అంకెలతో వ్రాసికొందురు.

ఆట నడచు తీరు సులభమైనది. సూత్రధారి ఒక చోటును వర్ణించును: "ఎదుట పాడుపడిన కోట. ద్వారము మూసియున్నది. లోపల ఏదో కదలిన చప్పుడు." పిమ్మట "ఏమి చేయుదువు?" అని అడుగును. ఆటగాడు తన పాత్ర చేయు పనిని చెప్పును. ఆ పని నెరవేరుట నిశ్చయమైనచో సూత్రధారి వెంటనే ఫలితమును తెలుపును. సందేహమైనచో పాచిక వేయింతురు. ఆరు ముఖముల పాచికయే కాక ఇరువది ముఖముల పాచికయు ఇందు వాడుదురు. పాచిక పడిన పిదప ఏమి జరిగినదో సూత్రధారి చెప్పును. వర్ణన, పలుకు, ఫలితము: ఈ మూడు మెట్లే మరల మరల తిరుగుచుండును. మొదటి మెట్టును మూడవ మెట్టును సూత్రధారివి. నడిమి మెట్టు మాత్రమే ఆటగానిది. అయినను ఆట అంతయు ఆ నడిమి మెట్టుమీదనే నిలిచియున్నది.

ఈ యేర్పాటు పుట్టినది యుద్ధవిద్యాభ్యాసములో. ప్రష్యా దేశపు సైన్యాధికారి రైస్విట్జ్ 1824లో ఒక యుద్ధక్రీడను ప్రకటించెను. అందు ఇరుపక్షముల అధికారులును పటముపైనున్న దిమ్మెలను తామే కదపరు. తమ సేన ఏ దిక్కునకు నడువవలెనో ఆజ్ఞను వ్రాసి మధ్యస్థున కందింతురు. ఆ ఆజ్ఞ ఎంతవరకు నెరవేరినదో మధ్యస్థుడు లెక్కలును పాచికలును చూచి నిర్ణయించును. సేనాపతికి ఆజ్ఞాపించుటయే వశము. జయము వశము కాదు. ఈ సత్యమును చిన్న బల్లమీద చూపుటయే ఆ క్రీడయొక్క గొప్పతనము. నూటయేబది యేండ్ల పిమ్మట, 1974లో, అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను క్రీడను మూడు చిన్న పుస్తకములుగా వెలువరించిరి. యుద్ధక్రీడలో ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క సేన యుండగా, ఇందు ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క మనిషి మాత్రమే యుండును. పాత్రధారణ క్రీడలన్నింటిలోను తొలుత అచ్చుపడినదిగా దీనినే చెప్పుదురు.

ఇప్పుడు హైదరాబాదు నగరములోని మధురానగరును తలచుకొనుడు. అమీరుపేటకును యూసఫ్‌గూడకును నడుమనున్న పేట అది. 2019 నుండి మెట్రో రైలు అచ్చట ఆగుచున్నది. చేరువనే సారథీ స్టూడియో. యూసఫ్‌గూడ దాటినంతనే చిత్రసీమలో కూలికి, వేషమునకు, తెరవెనుక పనికి వచ్చినవారితో నిండిన కృష్ణానగరు. ఎగువన జూబిలీహిల్సు, ఫిలింనగరు. ఈ ప్రాంతమున కథ చెప్పుట ఒక వృత్తి. రచయిత నిర్మాతయెదుట కూర్చుండి, "నాయకుడు తలుపు త్రోసికొని వచ్చును, తల్లి పటమును చూచును, మాటలాడక వెనుదిరుగును" అని చెప్పుకొనిపోవును. వినువారు ఆ మాటలలోనే చిత్రమును చూతురు. బల్లచుట్టు కూర్చుండి, లేని మనుష్యులు ఏమి చేయుదురో చెప్పుకొనుట ఈ పేటలకు క్రొత్త గాదు.

ఆ కథకుని క్రియలను వ్యాకరణము తెలిసినవారు గమనింపవలెను. అతడు 'వచ్చెను' అనడు, 'వచ్చును' అనును. వాడుకమాటలో నైనను 'వచ్చాడు' అనక 'వస్తాడు' అనును. చిన్నయసూరి బాలవ్యాకరణము భూత, వర్తమాన, భవిష్యత్తులతోపాటు తద్ధర్మమను మరియొక దానిని గూడ చెప్పినది. "సూర్యుడు తూర్పున ఉదయించును" అన్నపుడు నిన్నటి ఉదయమని గాని రేపటి ఉదయమని గాని అర్థము కాదు; ఉదయించుట వాని స్వభావము. చలనచిత్రకథ తద్ధర్మములో నడచుటకు కారణము స్పష్టము. చిత్రమును ఎన్నిమారులు ప్రదర్శించినను నాయకుడు ఆ తలుపు త్రోయవలసినదే, ఆ పటమును చూడవలసినదే.

తెలుగువారి ప్రాచీన కళలలోను పాత్రను మాటలో మోయు పద్ధతులు కలవు. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఉన్నతస్థితికి తెచ్చిన హరికథలో దాసు ఒక్కడే. "సీత ఇట్లనెను" అని ప్రథమపురుషలో చెప్పి, మరుక్షణమున తానే సీతయై "నేను" అనును. కూచిపూడివారి భామాకలాపమున సత్యభామ తెరపై జడవేసి, ప్రవేశించి, తానెవరో దరువులో తానే చెప్పుకొనును. తోలుబొమ్మలాటలో తెరవెనుకనున్నవారు బొమ్మలకు తమ గొంతులు ఎరువిత్తురు. ఈ కళలన్నిటికిని పాత్రధారణ క్రీడ బంధువే. భేదము ఒక్కటి. దాసునకు సీత చివరకు ఏమగునో తెలియును, ప్రేక్షకులకును తెలియును. ఆటబల్లయొద్ద ఎవ్వరికిని తెలియదు. పలుకువానికి తన పలుకు ఫలించునో లేదో తెలియదు. తెలియక పలుకుటయే ఈ ఆటలోని సాహసము.

ఆటగాడు తన పాత్ర పనిని రెండు విధముల చెప్పవచ్చును. "వేటగాడు చెట్టెక్కును" అనుట ఒకటి. "నేను చెట్టెక్కుదును" అనుట రెండవది. తెలుగు వ్యాకరణమున మొదటిది ప్రథమపురుష, రెండవది ఉత్తమపురుష. 2014లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదవ కూర్పు ఈ రెండు రీతులను పేర్కొని, ఇష్టమైనదానిని అనుసరింపవచ్చు నన్నది. పాత్రను తనకు దూరముగ నిలిపి చెప్పుట బిడియముగల పిల్లలకు తేలిక. దొంగ పాత్రను గైకొన్నవాడు "వాడు అబద్ధమాడును" అన్నచో అబద్ధము పాత్రది, తనకు అంటదు. "నేను" అన్నవానికి పాత్రయొక్క భయము, కోపము తనవిగా తోచును. ఏ రీతియందును దోషము లేదు. దోషము వేరొక చోట నున్నది. అది క్రియలో నున్నది.

"తలుపు తెరచితిని" అని యొకడు పలికెననుకొనుడు. అది భూతకాలము. తలుపునకు లోపల గడియ యున్నదేమో, వెనుక బండ అడ్డుగా నున్నదేమో సూత్రధారి యెరుగును. 'తెరచితిని' అన్నవాడు సూత్రధారి మెట్టును తాను త్రొక్కినవాడు. "తలుపు త్రోయుదును" అనుట సరియైన పలుకు. అట్లే "పులిని చంపితిని" అనరాదు. "పులిమీదికి ఈటె విసరుదును" అనవలెను. ఈటె విసరుట ఆటగానిది. పులి చచ్చుట పాచికది, సూత్రధారిది, కొంతవరకు పులిది.

రెండవ దోషము ప్రశ్నరూపమున వచ్చును. "తలుపు తెరువవచ్చునా?" అని కొందరడుగుదురు. తెరువవచ్చునో లేదో తెరచిననే గదా తెలియును! అట్లడుగువాడు పనిని చేయక ఫలితమును తెలిసికొన గోరుచున్నాడు. సూత్రధారి "తెరచితివి, పాము పడగ విప్పినది" అనగనే "నేను అడిగితినే గాని చేయలేదు" అని వాదించును. ఇది ఆటలలో తఱచు తగవులకు మూలము. నేర్పరియైన సూత్రధారి "అడుగుచున్నావా, చేయుచున్నావా?" అని ముందే తేల్చుకొనును.

మూడవ దోషము మాట యెగవేయుట. ఆటగాడు ఏమియు చెప్పకయే పాచిక విసరి, "పదునెనిమిది పడినది, ఏమి దొరికినది?" అనును. ఏమి వెదకినాడు? ఎచ్చట? చేతితోనా, కఱ్ఱతోనా? పెట్టెమూతలో విషపు ముల్లున్నచో ఈ భేదము ప్రాణములతో సమానము. కనుక మంచి పలుకునకు మూడు అంగములు కావలెను. ఏమి కోరుచున్నాడో చెప్పవలెను. దేనితో చేయునో చెప్పవలెను. ఎట్లు చేయునో చెప్పవలెను. నాలుగవదియగు ఫలితమును చెప్పకుండ ఊరకుండవలెను.

పలుకునకు కాలనియమమును కలదు. అదే క్రీడయొక్క 1989 నాటి కూర్పులో, పోరు సమయమున ప్రతివాడును తాను చేయబోవు పనిని ముందుగనే చెప్పవలెను. ఎవరు ముందు, ఎవరు వెనుక యన్నది ఆ తరువాత పాచికలు తేల్చును. విల్లెక్కుపెట్టుదు నన్నవాని గురి తప్పించుకొని శత్రువు ముందే పారిపోవచ్చును. తరువాతి కూర్పులలో ఈ నియమమును సడలించి, ఎవరి వంతు వచ్చినపుడు వారు చెప్పు పద్ధతిని తెచ్చిరి. క్రొత్త పద్ధతి సులువు. పాత పద్ధతి, ముందు మాట యిచ్చి పిదప లోకము మారినపుడు మనిషి యెట్లు నిలుచునో చూపును.

ఇన్ని నియమములకంటె గట్టిది మరియొకటి కలదు. 1974 నాటి పుస్తకమున ఆటకు మచ్చుగా ఒక సంభాషణ యున్నది. అందు మాటాడువారు ఇద్దరే: మధ్యస్థుడు, జట్టు తరపున పలుకువాడు. జట్టులోని పాత్రలన్నియు చేయు పనులను ఆ యొక్కడే చెప్పును. 1981 నాటి కూర్పులోను ఇట్టి జట్టుపలుకరి కనబడును. పదిమంది ఆడునపుడు గొడవ లేకుండుటకు ఆ యేర్పాటు ఉపకరించును. కాని కాలక్రమమున అది చాలవరకు మరుగుపడినది. ప్రతివాడును తన పాత్రకు తానే పలుకుట ఆచారమైనది. ఈ మార్పులోని న్యాయమును తెలుగు భాష రెండు మాటలలో చూపగలదు. 'మేము' అన్నపుడు వినువాడు చేరడు. 'మనము' అన్నపుడు వినువాడును చేరును. ఆంగ్లమున రెంటికిని ఒకటే మాట. తెలుగున 'మనము' అన్నవాడు ఎదుటివానిని గూడ తన పనిలోనికి లాగుచున్నాడు. ఆప్యాయతకు ఎంత మంచి మాటయో, అడుగక వాడినచో అంత బలవంతపు మాట.

మధురానగరులోని ఒక మేడమీద ఐదుగురు పిల్లలు ఆడు ఆటను ఉదాహరణముగా ఊహించుకొనవచ్చును. పదవ తరగతి చదువు బాలిక సూత్రధారి. పెద్ద బాలునిది సిపాయి పాత్ర. తక్కినవారు వేటగాడు, కమ్మరి, వైద్యురాలు. వైద్యురాలి పాత్రను గైకొన్న బాలిక అందరికంటె చిన్నది, మితభాషిణి. "వైద్యురాలు చూచును", "వైద్యురాలు నడుచును" అని ప్రథమపురుషలోనే పలుకును. కథలో ఒక ఊరి చెఱువు తూమును దొంగలు మూసినారు. పైరులు ఎండుచున్నవి. దొంగల కోటకు పోవు దారిలో గాయపడిన బాటసారి యొకడు మఱ్ఱిచెట్టుక్రింద మూలుగుచున్నాడు. కోటముందు కందకము, దానిపై పాత చెక్కల వంతెన.

సూత్రధారి వర్ణన ముగియకముందే పెద్ద బాలుడు "మనము వంతెన దాటి కోటలోనికి పోయితిమి!" అనెను. ఒక్క వాక్యమున రెండు దోషములు. 'పోయితిమి' అని ఫలితమును చెప్పెను. 'మనము' అని అందరిని ఈడ్చుకొనిపోయెను. వంతెన పుచ్చినదని సూత్రధారి యెరుగును. "చెక్కలు విరిగినవి. అందరును కందకములో పడిరి" అని చెప్పెను.

అప్పుడు చిన్న బాలిక మెల్లగా "వైద్యురాలు పోలేదు" అనెను.

"అందరము కలిసియే యున్నాము గదా! నీవు వలదనలేదు" అనెను పెద్ద బాలుడు.

"నన్నెవరడిగిరి?" అనెను ఆమె. "బాటసారికి కట్టు కట్టవలెనని అనుకొంటిని. చెప్పులోపలనే పడిపోయితినని చెప్పిరి."

బల్లచుట్టు నిశ్శబ్దమాయెను. చిన్నవారి మాట ఆటలో పోవుట సులభము. ఎవ్వరును దొంగిలింపరు, పెద్ద గొంతు దానిని కప్పివేయును, అంతే. సూత్రధారి ఆలోచించి, వేటగానిని, కమ్మరిని విడివిడిగా అడిగెను. వారిద్దరును "మేము పోవలెననియే యుంటిమి" అని ఒప్పుకొనిరి. అంతట ఆమె తీర్పు చెప్పెను: "ఒకరి పాత్రకు ఇంకొకరు పలుకరాదు. ముగ్గురు కందకములో పడిరి. వైద్యురాలు మఱ్ఱిక్రింద నున్నది. ఆమెకు కేకలు వినబడుచున్నవి. చెల్లీ, ఏమి చేయుదువు?"

ఆ తీర్పుతో బాలికకు న్యాయము జరిగెను గాని ఆమె పని సులువు కాలేదు. ఇటు బాటసారి, అటు తన జట్టు. ఇంతవరకు ఎవరో ఒకరు ఆమెకు బదులుగా పలికిరి. ఇప్పుడు పలుకవలసినది ఆమెయే. కొంతసేపటికి ఆమె ఇట్లనెను: "అక్కా, బాటసారి గాయమునకు కట్టు బిగించి, తలక్రింద నా మూట నుంచుదును. పిమ్మట నాయొద్దనున్న త్రాటిని మఱ్ఱియూడకు కట్టి కందకములోనికి వదలుదును. ఊడ వారి బరువును మోయునో లేదో నాకు తెలియదు."

ఆ పలుకులో మూడు అంగములును ఉన్నవి. కోరిక యున్నది, సాధనమున్నది, చేయు విధమున్నది. ఫలితమును గూర్చి ఆమె 'తెలియదు' అని విడిచినది. ఎవ్వరును చెప్పకయే ఆమె ప్రథమపురుషను వీడి ఉత్తమపురుషలో పలికినది.

పది గాని పైన గాని పడినచో ఊడ నిలుచునని సూత్రధారి చెప్పెను. ఇరువది ముఖముల పాచిక దొర్లి ఏడువద్ద ఆగెను. వేటగాడును కమ్మరియు పైకి వచ్చిన పిదప ఊడ తెగెను. సిపాయి అడుగుననే మిగిలెను. చీకటి పడుచున్నది. మరియొక త్రాడు ఊరినుండి తేవలెను. పెద్ద బాలుడు "ఇప్పుడు మనము..." అని మొదలిడి ఆగెను. పిమ్మట, "నేను గోడకు వీపు ఆనించి కూర్చుందును. పైనున్నవారి సంగతి వారే చెప్పవలెను" అనెను. వేటగాడు "నేను ఊరికి పరుగెత్తుదును" అనెను. కమ్మరి "నేను నిప్పు రాజవేయుదును" అనెను. వైద్యురాలు "నేను కందకము అంచున కూర్చుండి తెల్లవారువరకు మాటలాడుచుందును" అనెను. ఎవ్వరును 'మనము' అనలేదు. అయినను జట్టు అను పేరునకు తగినట్లు వారు నిలిచినది ఆ క్షణముననే.

లోకమున ఈ బల్లకంటె పెద్ద బల్లలు చాల కలవు. కుటుంబములో, తరగతిలో, గ్రామసభలో, కార్యాలయములో "మనమందరము ఇట్లు చేయుదుము" అను గొంతు ముందుగ లేచును. ఆ గొంతు చెడ్డది కానక్కరలేదు. తఱచు అది ఉత్సాహవంతులది. కాని వెనుక బల్లపై కూర్చున్నవారిలో ఎవరో ఒకరు మఱ్ఱిక్రింది బాటసారిని తలచుచుందురు. వారి పని వారి నోట వినుటకు ఒక క్షణము ఆగుట నాయకత్వమునకు లోటు గాదు. అట్లే మౌనముగ కూర్చున్నవారును తమ వంతు వచ్చినపుడు, ఫలించునో లేదో యను జంకును విడిచి, తాము చేయబోవు పనిని స్పష్టముగ చెప్పవలెను. చెప్పనివారి బదులు చెప్పుటకు ఎవరో ఒకరు ఎల్లప్పుడును సిద్ధముగ నుందురు. అడిగి కూర్చిన 'మనము' వంతెనలు విరిగినపుడును విడిపోదు.